భూదృశ్యచిత్రమున రూపారూపములు

ప్రకృతిదృశ్యమును జిత్రించువారికి రెండు మార్గములు గలవని సామాన్యముగఁ జెప్పుదురు. కన్నులకుఁ దోఁచిన దానిఁ దోఁచినట్లు వ్రాయుట యొకటి. వస్తురూపమును విడిచి వర్ణరేఖలనే నిలుపుట రెండవది. ఈ రెంటి నడుమ నున్న చిత్రములను గొందఱు తెగింపులేని పనిగాఁ దలఁతురు. ఆ తలంపు సరికాదని యిరువురు భారతీయచిత్రకారుల కృతులు తెలుపుచున్నవి.

రామ్ కుమార్ (1924–2018) హిందీకథకుఁడు గూడ. పారిస్ నగరమున ఆంద్రే లోత్, ఫెర్నాన్ లేజేలకడ శిక్షణ పొంది, మొదట నగరవాసుల విషణ్ణరూపములను వ్రాసెను. 1960లో ఎమ్. ఎఫ్. హుసేనుతోఁ గాశి కేఁగిన పిదప నాతని పటములనుండి మనుష్యులు తొలఁగిరి. ఘట్టములు, ఇండ్లు, నీడలు ఒండొంటిపైఁ బేర్చిన పలకలవలె నయ్యెను. క్రమముగ నవియుఁ గరఁగి వర్ణఖండములయ్యెను. వస్తువులు పోయినను స్థలము నిలిచినది.

అక్బర్ పదమ్సీ (1928–2020) పద్ధతి దీనికి విపరీతము. 1970 ప్రాంతమున నాతఁ డారంభించిన ‘మెటాస్కేపు’లలోఁ గొండలు, నీరు, నేల గలవు, కాని యవి యే దేశమందలివో చెప్ప వీలుకాదు. ఇచట వస్తువులు నిలిచి స్థలము పోయినది. వీనికి శాకుంతలనాంది ప్రేరకమని యాతఁడే చెప్పెను. ఆ శ్లోకమునఁ గాళిదాసు సూర్యచంద్రులను బేర్కొనక, కాలమును విధించువారని కార్యముచేతనే సూచించెను. పదమ్సీయు నొకే పటమున సూర్యచంద్రుల నిరువురను నిలిపినపు డది యొక గడియకుఁ జెందిన దృశ్యము గాక కాలస్వరూపమే యగును.

స్వభావోక్తి యలంకారము గాదు, అలంకార్యమే యని కుంతకుఁడు వాదించెను. ఆ వాదము చిత్రమునకును వర్తించును. కనఁబడిన ప్రకృతి యలంకార్యము. దానిని మార్చి చూపు వక్రతయే చిత్రకారుని పని. వక్రత లేనిచోఁ బటము నకలు మాత్రము. అలంకార్యమే లేనిచో వక్రతకు నాశ్రయము లేదు. కావున నడిమిమార్గము తెగింపులేమి గాదు. రెంటి భారమును మోయుట.

ఆ భారము తప్పినచోట్లును లేకపోలేదు. ప్రబంధములలోఁ జంద్రోదయవర్ణనము కొన్నియెడల నాచారమాత్రమైనట్లు, పదమ్సీ బింబములు నొక్కొక్కచో గుర్తులు మాత్రమైనవి. రామ్ కుమార్ తరువాతి పటములు కొన్ని, పేరు చదువకున్న దృశ్యములని తోఁపవు. నేలకును నింగికిని, దవ్వునకును దాపునకును గల సంబంధము పేరు చదువకయే చూపఱకుఁ దెలియవలెను. అది తెలిసినంతవఱకు రూప మెంత కరఁగినను నది భూదృశ్యమే. తెలియనినాఁడు వర్ణము లెంత యింపైనను నది వేఱొకజాతి చిత్రము.