ఉద్యోగపర్వంలో రాయబారం: బలాబలాల మధ్య వాక్కు

తిక్కన ఉద్యోగపర్వంలోని రాయబార ఘట్టాలను ప్రశంసించేటప్పుడు విమర్శకులు తరచు ఆయన మంత్రిత్వానుభవాన్ని ప్రస్తావిస్తారు. రాజనీతి ఎరిగిన కవి కనుక రాయబారాలను అంత సమర్థంగా నిర్వహించాడన్నది ఆ ప్రశంస సారాంశం. అయితే ఆ అనుభవం ఎటువంటి రాజ్యానికి సంబంధించినదన్న ప్రశ్న ఈ చర్చలో అరుదుగా వినిపిస్తుంది. తిక్కన ఒక సామ్రాజ్యానికి మంత్రి కాడు. మహాశక్తుల నడుమ నిలదొక్కుకోవలసిన చిన్న రాజ్యానికి మంత్రి. ఈ భేదం ఉద్యోగపర్వ పఠనాన్ని కొంత మారుస్తుంది.

13వ శతాబ్దపు విక్రమసింహపురికి ఉత్తరాన కాకతీయులు, దక్షిణాన పాండ్యులు ప్రబలులు. 1244లో మోటుపల్లి అభయశాసనం వేయించిన గణపతిదేవుని అధికారం అప్పటికి సముద్రతీరాన్ని చేరింది. తరువాతి కాలంలో జటావర్మ సుందరపాండ్యుడు నెల్లూరులోనే వీరాభిషేకం జరిపించుకున్నాడు. మనుమసిద్ధి రాజ్యభ్రష్టుడైనప్పుడు తిక్కన ఓరుగల్లుకు వెళ్లి, గణపతిదేవుని మెప్పించి, ఆయన సాయంతో అక్కన బయ్యనలను తొలగింపజేసి, తన ప్రభువును తిరిగి సింహాసనంపై నిలిపాడని కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. ఇది తిక్కనకు చాలా తరువాతి రచన. అందులోని ప్రతి వివరాన్నీ చరిత్రగా స్వీకరించడం సాధ్యం కాదు. కానీ పెద్ద రాజ్యపు సభలో చిన్న రాజ్యానికి మిగిలిన ఆయుధం వాక్కేనన్న ఎరుక ఈ కథకు ప్రాణం.

ఈ ఎరుకతో ఉద్యోగపర్వాన్ని పరిశీలిస్తే సంజయ రాయబారం, శ్రీకృష్ణ రాయబారం ఒకదానికొకటి ప్రతిబింబాలుగా కనిపిస్తాయి. సంజయుడు అధికారం చేతిలో ఉన్న పక్షం పంపిన దూత. అతడు శాంతిని కోరతాడు, యుద్ధదోషాలను బోధిస్తాడు, బంధుప్రీతిని గుర్తుచేస్తాడు. భూమి సంగతి మాత్రం తీసుకురాడు. అన్యాయాన్ని సరిదిద్దకుండా ఎదుటివారి ఓర్పును మాత్రమే కోరే శాంతి ఇది. అందులోని ధర్మబోధ అసత్యం కాదు. అది ఎవరి నోట, ఎవరి ప్రయోజనానికి వెలువడుతున్నదన్నదే ప్రశ్న. ధర్మరాజు ఆ బోధను తిరస్కరించడు. తన కోరికను అయిదూళ్లకు కుదిస్తాడు. దీనిని కేవలం సౌజన్యంగా భావించడం చాలదు. నిరాకరించడానికి ఏ గౌరవప్రదమైన కారణమూ మిగలని స్థాయికి కోరికను తగ్గించడం కూడా ఒక నీతి. అటువంటి కోరికను కాదన్నప్పుడు బలవంతుని బలం లోకం దృష్టిలో దోషంగా మారుతుంది.

కృష్ణుడు హస్తినకు వెళ్లడంలో ఈ నీతి సంపూర్ణమవుతుంది. సంధి కుదరకపోయినా యుద్ధకారణం ఎవరన్నది రాజలోకానికి తెలియాలన్నది ఆ ప్రయాణపు ప్రయోజనాలలో ఒకటి. అందువల్ల ఆయన ప్రసంగానికి శ్రోత దుర్యోధనుడొక్కడే కాదు, నిండు సభ. దూతను బంధించే యత్నంతో దుర్యోధనుడు ఆ సభకు తానే సాక్ష్యం సమకూర్చుకుంటాడు.

అయితే తిక్కన రాయబారాన్ని నీతికౌశలంగా మాత్రమే చూపలేదు. కృష్ణుడు బయలుదేరకముందే ద్రౌపది తన కేశపాశాన్ని చూపి ప్రశ్నిస్తుంది. అయిదూళ్లతో ముగిసే సంధిలో ఆమె పరాభవానికి చోటు లేదు. బలహీనపక్షం శాంతికై రాజీపడినప్పుడు ఆ రాజీ భారం పక్షమంతటిపై సమానంగా పడదు. అందరికంటె ఎక్కువగా అవమానితులైనవారిపై పడుతుంది. ఈ సత్యాన్ని తిక్కన దూత ఎదుటనే పలికించాడు. హస్తినలో కృష్ణుడు పలికే ప్రతి సామవాక్యం వెనుక పాఠకునికి ఆ కేశపాశం కనిపిస్తూనే ఉంటుంది.

పాండవులను నెల్లూరుతోను, కౌరవులను ఓరుగల్లుతోను సమీకరించడం మాత్రం పొరపాటవుతుంది. సిద్ధేశ్వర చరిత్రలో గణపతిదేవుడు ఆశ్రయదాత, దుర్యోధనుడు కాడు. పాండవులకు ఏడక్షౌహిణుల సేన ఉంది. అంతకంటె ముఖ్యంగా, నెల్లూరు అన్ని సందర్భాల్లోనూ చిన్నది కాదు. కాటమరాజు కథలోని నల్లసిద్ధిరాజును పలువురు పరిశోధకులు మనుమసిద్ధిగా గుర్తించారు. ఆ వీరగాథలో మేత కోసం వచ్చిన పశుపాలకులను పుల్లరి అడిగే బలవంతుడు నెల్లూరి రాజే. ఓరుగల్లు ముందు అర్థిగా నిలిచిన రాజ్యం పశువుల కాపరుల ముందు అధికారిగా నిలిచింది. పుల్లరి వివాదం ముదిరి పంచలింగాల పోరుకు దారితీసింది. ఖడ్గతిక్కన ప్రాణాలు అక్కడే పోయాయి. చిన్నతనం ఒక సుగుణం కాదని, అది బలాబలాల మధ్య ఒక స్థానం మాత్రమేనని ఈ రెండు కథలను కలిపి చదివినప్పుడు స్పష్టమవుతుంది.

కవి జీవితం కావ్యానికి ప్రమాణం కాదు. ఓరుగల్లు రాయబారం జరిగిందని నిరూపించినా ఉద్యోగపర్వపు ఔన్నత్యం పెరగదు, జరగలేదని తేలినా తగ్గదు. కానీ ఆ ఐతిహ్యం విమర్శకుని చేతికి ఒక మంచి ప్రశ్నను అందిస్తుంది: శాంతివచనం పలికే దూత తన వెంట ఏమి తెచ్చాడు, ఎవరి నష్టాన్ని వెనుక వదిలి వచ్చాడు? ఉద్యోగపర్వంలో సంజయుని రాక మొదటి ప్రశ్నకు, ద్రౌపది మాట రెండవ ప్రశ్నకు సమాధానం ఇస్తాయి. వాక్చాతుర్యానికి పరిమితమైన ప్రశంస ఈ రెండింటినీ చేరుకోలేదు.