కాలిన నోటుబుక్కు

పద్యంలో నవల అంటే మనలో చాలామందికి ప్రబంధాలే గుర్తుకొస్తాయి. ఇంగ్లీషులో ఇప్పుడు బడి దాటని పిల్లల కోసం వచన కవితలో నవలలు విరివిగా వస్తున్నాయి. ఇంట్లో దెబ్బలు తిని, నోరు మెదపలేని పిల్లల కథలు వాటిలో చాలా ఉన్నాయి. ఎలిజబెత్ అసెవెడో రాసిన ‘ద పొయెట్ ఎక్స్’ (2018) అలాంటిదే. ఆ ఏడే దానికి అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు, 2019లో బ్రిటన్‌లో కార్నెగీ పతకం వచ్చాయి. మా అమ్మాయి చదవమని ఇస్తే చదివాను. ఎందుకిచ్చిందో సగం చదివాక అర్థమైంది.

సియోమారాకు పదిహేనేళ్లు. న్యూయార్కులోని హార్లెంలో ఉంటుంది. తల్లిదండ్రులు డొమినికన్ రిపబ్లిక్ నుంచి వలస వచ్చినవారు. తల్లి ఆఫీసులు శుభ్రం చేసే పనికి పోతుంది, పరమ భక్తురాలు. తండ్రి ఇంట్లో ఉండీ లేనట్టే. ఆ పిల్ల చెప్పుకోలేనిదంతా ఒక నోటుబుక్కులో కవితలుగా రాసుకుంటుంది.

ఈ పుస్తకంలో నన్ను పట్టుకున్నది ఒక చిన్న ఏర్పాటు. ‘నీ జీవితంలో మరిచిపోలేని రోజు గురించి రాయి’ అని టీచరు చెబుతుంది. సియోమారా మొదట, పెద్దమనిషైన రోజుల్లో తల్లి తనను కొట్టిన సంగతి రాస్తుంది. టీచరుకు ఇచ్చే కాగితంలో మాత్రం కవల సోదరుడు పుట్టినరోజుకు నోటుబుక్కు కొనిచ్చిన ముచ్చట ఉంటుంది. మొదటిది కవిత, రెండోది వచనం. నిజం కవితలో దాక్కుంటుంది, మర్యాద వచనంలో బడికి వెళుతుంది. ఈ కథకు కవితారూపం ఎందుకు కావాలో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

చివరికి తల్లి ఆ నోటుబుక్కు చూసి తగలబెడుతుంది. తల్లి స్పానిష్‌లో మరియమ్మ ప్రార్థన చదువుతుంటే, కూతురు కాలిపోతున్న తన కవితలను నోటికి అప్పజెబుతుంది. అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

మా హోసూరులో మనవాళ్లకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చదువుకు ఇంగ్లీషు. పిల్లలు తెలుగు మరిచిపోతున్నారని సభలు పెట్టి బాధపడతాం. కానీ ఇంట్లో ఆ తెలుగుతో మనం చేస్తున్నదేమిటి? ‘నోరు మూసుకో’, ‘నలుగురూ ఏమనుకుంటారు’, ‘లోపలికి పో’. ఒకసారి మా అమ్మాయి నోటుబుక్కు నేనూ తెరిచాను. కాల్చలేదు, కేకలు వేశాను. అందులో రాసుకున్నది తమిళంలో. నేను తిట్టింది తెలుగులో. తల్లిభాష ఆజ్ఞలకే పరిమితమైతే, పిల్ల తన గొంతును మరో భాషలో వెతుక్కుంటుంది. తప్పు భాషది కాదు.

పుస్తకంలో లోపం లేకపోలేదు. ఇన్నేళ్ల గాయం చివరి పుటల్లో, చర్చి ఫాదరు మధ్యవర్తిత్వంతో, త్వరత్వరగా మానుతుంది. కన్నవాళ్లు కవితా పోటీకి వచ్చి కూర్చుంటారు. ఆ తల్లి కన్యగానే దేవుడికి అంకితం కావాలనుకున్న మనిషి అని రచయిత్రి ముందే చెప్పింది. ఆ దారి ఇంకొంచెం లోతుగా తవ్వి ఉంటే రాజీ మరింత నమ్మదగినదయ్యేది.

గురజాడ పూర్ణమ్మ గుర్తొచ్చింది. ఆ పిల్లా కన్నవాళ్ల నిర్ణయానికి బలైనదే. అత్తవారింటికి పంపేవేళ అన్నదమ్ములతో ఆమె చెప్పిన మాటల్లోని అసలు అర్థం, ఆమె పోయాక గానీ ఇంటివాళ్లకు అందలేదు. సియోమారా మాట బతికుండగానే తల్లి చెవిన పడింది. రెండు పద్యకథలకూ మధ్య నూరేళ్లు. ఆ తేడా మన ఇళ్లలోకి వచ్చిందా అన్నదే నన్ను తొలిచే ప్రశ్న.

పుస్తకం తిరిగి ఇస్తూ మా అమ్మాయిని, ‘నీవి ఏమైనా చదివి వినిపిస్తావా’ అని అడిగాను. ‘చూద్దాంలే నాన్నా’ అంది. తెలుగులోనే అంది.