కోయడోలి కథనము – సాధుశబ్దవిచారము

వాఙ్మయచరిత్రములు వ్రాయువారు భద్రాచలమును పేర్కొనునపుడు గోపన్న కీర్తనలతో నారంభించి యచ్చటనే నిలిచిపోవుట పరిపాటి. ఆ క్షేత్రమును చుట్టియున్న యడవిలో, గోదావరి కిరుగెలంకుల, మఱియొక వాఙ్మయము కలదు. దానికి తాళపత్రములు లేవు. వస్త్రపటమును, డోలును, వృద్ధుల కంఠమును దానికి పుస్తకములు. అట్టి కంఠములలో నొకటి 2024వ సంవత్సరమున మూగవోయినది. మణుగూరు మండలమునందలి కూనవరము గ్రామవాసియు, కోయడోలి కళాకారుడు నగు సకిని రామచంద్రయ్యగారిని 2022లో భారత ప్రభుత్వము పద్మశ్రీ పురస్కారముతో గౌరవించినది. వారిని స్మరించుచు వారు నిలిపిన కథనపద్ధతిని విమర్శించుట యీ వ్యాసమున కుద్దేశము. కేవల ప్రశంస విమర్శ కానేరదు. గతించినవారి కది గౌరవమును కాదు.

డోలీలు కోయలకు వంశకథకులు. కోయజాతి గట్టులను పేర విభక్తమై యున్నది; ఒక్కొక్క గట్టునకు ఇలవేల్పులు వేఱు. వేల్పుల కొలువున డోలీలు పడిగెను విప్పి, డోలు వాయించుచు ఆ గట్టువారి పూర్వుల చరిత్రమును గానము చేయుదురు. పడిగె యనగా పూర్వుల రూపములను దాల్చిన త్రికోణాకారపు వస్త్రము. దానిని కొందఱు బొమ్మలగుడ్డ యని తేలికగా తలంతురు. అది సరిగాదు. వైయాకరణులకు సూత్ర మెట్టిదో డోలీకి పడిగె యట్టిది. గానము దానికి వృత్తి. సూత్రము లేనిచో వృత్తి దారి తప్పును. వృత్తి లేనిచో సూత్రము మూగయగును. కథకుడు లేని పడిగెను గాజుపెట్టెలో నుంచి చూచువారు వృత్తిలేని సూత్రమునే చూచుచున్నారు. ఉత్తర అమెరికాలోని బ్లాక్‌ఫుట్ జాతి వృద్ధులును సంవత్సరమున కొక్క గుర్తుగా జాతిచరిత్రమును చర్మముపై లిఖించుచుండిరి. అచ్చటను గుర్తును విప్పి చెప్పు తాత యుండవలసినదే.

ఈ గానమున పునరుక్తి మెండని కొందఱు పండితు లాక్షేపింతురు. ఆలంకారికులు పునరుక్తిని దోషములలో చేర్చినమాట నిజమే. కాని వారు దృష్టియందుంచుకొన్నది చదువదగిన కావ్యమును. వినుట కేర్పడిన కథలో, మరల వచ్చిన పలుకు కథకునకు జ్ఞాపకమును తెచ్చును. నడుమ కునుకు తీసిన శ్రోతను తిరిగి కథలో చేర్చును. మిల్మన్ పారీ యనువాడు 1933–35 నడుమ యుగోస్లావియా గాయకులకడ నీ ధర్మమునే పరిశీలించెను; అతని శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో దానిని గ్రంథముగా ప్రకటించెను. కావున పునరుక్తి యిచట దోషము గాదు, సంధిబంధము.

సమ్మక్క కథను చూడుడు. రెండేండ్ల కొకసారి మాఘమాసమున మేడారమునకు లక్షలకొలది జనము పోవుదురు. వారెఱిగిన కథలో ఆమె పులులతో నాడుకొనుచు దొరకిన దివ్యశిశువు. కాకతీయసైన్యముతో పోరి, చిలకలగుట్టపై కుంకుమభరిణెయై నిలిచిన దేవత. వంశకథకుని చూపు వేఱు. అతనికి ముందుగా కావలసినది గట్టు, పుట్టిల్లు, మెట్టినిల్లు. పగిడిద్దరాజు భార్య, సారలమ్మకును నాగులమ్మకును జంపన్నకును తల్లి యైన పిదపనే యామె వేల్పు. మొదటిది భక్తికి చాలును. రెండవది చరిత్రకును కుటుంబధర్మమునకును చోటిచ్చును. ఈ భేదమును చెఱిపివేసి రెంటిని కలిపి యొక్క కథగా నచ్చువేయుట సంగ్రహకర్తలు చేయు పెద్ద తప్పు. జయధీర్ తిరుమలరావుగారు మొదలగువారు డోలీల కథలను డోలీల కథలుగానే సేకరించిరి గనుక వారి శ్రమ ప్రశంసనీయము.

ఇక నా తప్పును గూర్చి చెప్పవలెను. ముప్పది యేండ్లకు పూర్వము నేనీ ప్రాంతపు పాఠశాలలో నుపాధ్యాయుడను. ఒక కోయబాలుడు తన తాత చెప్పిన కథను వ్రాసి తెచ్చెను. నేను దానినిండ ఎఱ్ఱసిరాతో అపశబ్దములను దిద్ది యిచ్చితిని. మఱునాడు ఆ తాత స్వయముగా వచ్చి, కాగితము చేతబట్టుకొని, “పంతులుగారూ, ఈ తప్పులు నా మనుమనివా, మా పెద్దలవా?” అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని. ఆయన కాగితమును మడిచి పంచెకొంగున కట్టుకొని వెడలిపోయెను. బాలుడు మరల నట్టి కథను నాకు తెచ్చి యీయలేదు.

మర్యాదలో మాత్రమే నేను తప్పితినని చాలకాల మనుకొంటిని. నేను తప్పినది శాస్త్రముననే. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోవును గాని, మాట కావలసినవా డెవ్వడును వైయాకరణు నింటికి పోడని మహాభాష్యకారుడే చెప్పియున్నాడు. శబ్దము లోకమునుండి వచ్చును. శాస్త్రము దానికి నియమము మాత్రమే చేయును. ఆ బాలుని కాగితమున లోకము నా యింటికి వచ్చినది. నేను దానిని త్రిప్పి పంపితిని.

అట్లైన బడిలో దిద్దుబాటే వలదా యని యడుగుదురేమో. వలయును. లేఖలు, పరీక్షాపత్రములు లోకవ్యవహారమునకు నియతమైన భాషలో నుండవలసినవే. కాని వినిన కథను వ్రాయుట రచన గాదు, సాక్ష్యము. సాక్షి వాక్కును దిద్దువాడు ధర్మాసనమునకు ద్రోహి. డోలి పలికినది పలికినట్లే వ్రాయవలెను. అర్థము తెలియని పదమునకు క్రింద వివరణము చేర్చవలెను. ఇద్దఱు కథకులు వేఱువేఱుగ చెప్పినచో రెంటిని పాఠభేదములుగ నుంచవలెను. ప్రాచీనకావ్య పరిష్కరణమున మనము పాటించు నియమమే యిది. తాళపత్రమున కిచ్చు గౌరవమును తాతనోటి కేల యీయరాదు?

పాఠశాలాపండితుల కొక్క మనవి. మీ తరగతిలోని యే బాలుడైనను తాత చెప్పిన కథను తెచ్చినచో, ఎఱ్ఱసిరాను ప్రక్కనబెట్టి, ముందు దాని ప్రతి నొకదానిని వ్రాసికొనుడు.