క్రాసోవర్ నేర్పు

బాస్కెట్‌బాల్‌లో బంతిని శరీరం ముందు నేలకు కొట్టి ఒక చేతి నుంచి రెండో చేతికి మార్చడమే క్రాసోవర్. అసలు నేర్పంతా అంతకుముందే ఉంది. ఆటగాడు భుజాన్నీ చూపునూ అడుగునూ ఒకవైపు వేసి, అడ్డుకునేవాడి బరువు అటువైపు కాలి మీదికి చేరేదాకా ఆగాలి. ఆ క్షణాన అడ్డుకునేవాడు వెంటనే వెనక్కి మళ్లలేడు. బంతి మోకాలి కంటే కిందుగా దాటాలి. ఎత్తుగా లేస్తే ప్రత్యర్థి చేతికి చిక్కుతుంది. తర్వాతి అడుగు పొడవుగా, అతని తుంటిని ఆనుకున్నట్టే పడాలి.

1997 మార్చి 12న ఫిలడెల్ఫియాలో, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో తొలి సీజన్ ఆడుతున్న అలెన్ ఐవర్సన్ సాక్షాత్తూ దిగ్గజం మైకేల్ జోర్డాన్‌నే ఇలా కదిలించాడు. మొదట చిన్న క్రాసోవర్‌తో పరీక్షించి, జోర్డాన్ దానికి స్పందించాకే పెద్దది వేశాడు. ఆ ఓపికే అద్భుతం!

నేర్చుకునేవారు తల ఎత్తి, మొదట నిలబడి, తర్వాత నడుస్తూ, ఆపైన పరుగెత్తుతూ సాధన చేయాలి. వాటం లేని చేతికే ఎక్కువ సమయం ఇవ్వాలి.