బంగారక్కకు ఎన్ని నోళ్లు?

తోలుబొమ్మలాటను గొప్ప కళ అని మెచ్చుకునేవాళ్లకు కొదవలేదు. ఆ బొమ్మ ఒంటిని ఎట్లా కట్టినారు, ఆ కట్టడంలో ఎవరికి ఎంత చోటిచ్చినారు అని అడిగేవాళ్లే తక్కువ. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట బొమ్మల తీరులో, హిందూపురంలో మా తమ్ముడి వరుస కుర్రాడొకడు కంప్యూటర్ యానిమేషన్ కోసం పాత్రలు తయారుచేస్తుంటే కొన్నాళ్లు పక్కన కూర్చొని చూసినాం. ఈ ప్రశ్న అక్కడ పుట్టింది.

పద్ధతి పాతదే. తోలును నానబెట్టి, వెంట్రుక గీకి, పలచగా ఆరబెట్టి, తల, భుజం, మోచేయి విడివిడిగా కోసి, కీళ్ల దగ్గర దారం ముడేస్తారు. ముడి బిగిస్తే చెయ్యి ఆడదు. జర్మనీలో లొట్టె రైనిగర్ 1926లో అట్టముక్కలకు తీగ కీళ్లు పెట్టి ప్రిన్స్ అహ్మద్ సినిమా తీసింది. కంప్యూటర్‌లో రిగ్గింగ్ అంటున్నదీ ఇదే: ముక్కలు గీసి, ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కించి, కీలు దగ్గర ఇరుసు పెట్టి, భుజం కదిలితే మోచేయి, మోచేయి కదిలితే అరచెయ్యి కదిలేట్టు వరస కట్టడం. ఈ వరసకు మూలం సాధారణంగా నడుము దగ్గర ఉంటుంది, తలలో కాదు. పురుషసూక్తం చదివినవాళ్లు ఇది గమనించాలి.

అయితే తోలుకూ కులం అంటగట్టినవాళ్లున్నారు. వెనకటికి దేవుళ్లకు, వీరులకు ఇర్రి తోలు, భీముడికి, రావణుడికి దుప్పి తోలు, మిగిలిన అందరికీ మేకతోలు వాడేవారని పరిశోధకులు రాసినారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినాక ఇర్రినీ దుప్పినీ ముట్టుకునే వీలు లేదు. రాముడూ బంగారక్కా ఒకే మేకతోలులోకి వచ్చినారు. ఈ సమానత్వం ఎవరి మనసూ మారి వచ్చింది కాదు, చట్టం వల్ల వచ్చింది.

భాషలో మాత్రం ఆ తేడా పోలేదు. రాముడు రంగనాథ రామాయణం పద్యంలో పలుకుతాడు. బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు జనం మాటలో తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, నవ్విస్తారు. తెరమీద బొమ్మ పెదవి కదలదు కాబట్టి ఇద్దరికీ గొంతు ఆటగాడిదే. కంప్యూటర్‌లో అట్లా కాదు, ప్రతి పలుకుకూ ఒక నోరు గీయాలి. మా కుర్రాడు రాముడికి ఎనిమిది నోళ్లు గీసినాడు. బంగారక్కకు మూడే, మూడూ తెరిచిన నోళ్లే.

“ఆమె ఎట్లాగూ అరుస్తుంటుంది కదన్నా, అన్ని నోళ్లెందుకు?” అన్నాడు.

ప, బ, మ పలకాలంటే పెదవులు మూయాల్సిందే. అంటే ఈ బంగారక్క తన పేరు తాను పలకలేదు. ఎదుటివాడు మాట్లాడుతుంటే నోరు మూసుకొని వినే భంగిమ కూడా ఆమెకు లేదు. కుర్రాడికి దురుద్దేశం ఉందని మేము అనడం లేదు, వాడూ మా వాడలోవాడే. అలవాటైన హాస్యం వాడి చేత ఆ లెక్క వేయించింది. పెనుకొండలో తెలిసిన పిల్లలకు ఆ ముక్క చూపిస్తే, ఆమె ఇంకా మాట్లాడకముందే, నల్లటి ముఖం తెర మీదికి రాగానే నవ్వినారు. ఆ నవ్వు మాకు పాత పరిచయం. బడిలో మేము లేచి నిలబడితే కూడా వచ్చేది.

నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. గౌరవం కళకు దక్కినంత మాత్రాన కళలోని మనుషులందరికీ దక్కినట్టు కాదు.

ఇంకొక చిన్న సంగతి. తోలు మీద తోలు పడిన కీలు దగ్గర దీపం వెలుతురు తగ్గి మచ్చలా కనబడుతుంది. కుర్రాడు దాన్ని తప్పనుకొని రంగుతో కప్పేసినాడు. ఒళ్లు ఎక్కడ అతికిందో చూపే గుర్తది, ఉండనిమ్మన్నాం. రాముడికి ఉంచినాడు. బంగారక్క ఫైలు తెరిచి ముందు నాలుగో నోరు గీసినాడు, మూసినది. మోచేతి మచ్చ దగ్గర ఇంకా వాదన నడుస్తోంది.