అత్తగారూ, డాక్యుమెంటరీలూ

మా అత్తగారికి ఎనభై దాటాయి. బందరులో మాతోనే ఉంటారు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఇద్దరం టీవీ ముందు కూర్చుంటాం. సీరియళ్లంటే ఆవిడకు గిట్టదు. "అన్ని నగలు పెట్టుకున్నారు, ఒక్కతైనా పొయ్యి ముట్టిస్తుందా?" అంటారు. మొన్న గుడివాడ నుంచి మా వదినగారు వచ్చి, "అమ్మకు డాక్యుమెంటరీలు చూపించు, పెద్దవాళ్లకు మంచి కాలక్షేపం" అని ఓ సలహా పారేసి వెళ్లారు.

డాక్యుమెంటరీ అంటే నాకు గుర్తొచ్చేది ఒకప్పటి ఫిల్మ్స్ డివిజన్ వారి న్యూస్ రీలే. హాల్లో అసలు సినిమాకు ముందు తప్పనిసరిగా వేసేవారు. ఆనకట్టలు, ప్రారంభోత్సవాలు, వరద ప్రాంతంలో మంత్రిగారి పర్యటన, వెనకాల ఓ గంభీరమైన గొంతు. మగవాళ్లు సోడా తాగడానికి బయటికి వెళ్లేవారు. మనం జంతికల పొట్లం విప్పేవాళ్లం. అలాంటివి చూపిస్తే ఈవిడ కూర్చుంటారా అనుకున్నాను.

ముందు వృద్ధుల ఆరోగ్యం మీద ఒకటి పెట్టాను. మోకాళ్లు, షుగరు, మతిమరుపు. ఐదు నిమిషాలు చూసి, "ఇవన్నీ నా ఒంట్లోనే ఉన్నాయిగా, మళ్లీ టీవీలో ఎందుకే?" అన్నారు. కట్టేశాను.

తర్వాత 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' పెట్టాను. 2023 ఆస్కార్లలో 'నాటు నాటు' సందడిలో పడి మనం సరిగా పట్టించుకోలేదు గానీ, అదే రాత్రి బహుమతి పొందిన చిన్న చిత్రమిది. తీసింది కార్తికీ గోన్సాల్వెస్. తమిళనాడులోని ముదుమలై అడవిలో బొమ్మన్, బెళ్లి అనే జంట తల్లిలేని ఏనుగు గున్నను పెంచుతారు. అత్తగారికి అరవం రాదు. అయినా బెళ్లి ఆ గున్నను గదమాయిస్తుంటే, "మన భాషే" అని నవ్వేశారు. అడవి అందాలు కాస్త ఎక్కువయ్యాయని నాకనిపించింది. ఆవిడకు అనిపించలేదు.

సత్యజిత్ రాయ్ 1972లో తీసిన 'ది ఇన్నర్ ఐ' ఇరవై నిమిషాల సినిమా. శాంతినికేతనంలో బొమ్మలు నేర్పిన బినోద్ బిహారీ ముఖర్జీ గురించి. కంటి ఆపరేషను వికటించి ఆయనకు చూపు పూర్తిగా పోయింది. అయినా పని మానలేదు. వ్యాఖ్యానం ఇంగ్లీషులో ఉంది కాబట్టి పక్కన కూర్చుని నేను తెలుగు చెప్పాను. కొంతసేపటికి, "నువ్వు ఊరుకో, ఆయన చేతులు చూడనీ" అన్నారు అత్తగారు. శుక్లాల ఆపరేషనుకు నెల్లాళ్లు ఏడ్చిన మనిషి! రాయ్ గొప్పతనం అక్కడే ఉంది. గుడ్డివాడయ్యాడు పాపం అని ఒక్కచోటా అనిపించడు. పని చేసే మనిషిని చూపిస్తాడంతే.

ఆ ధైర్యంతో రాయ్‌దే 'బాల' పెట్టాను. 1976లో తీసింది. భరతనాట్యంలో సాటిలేని బాలసరస్వతి గురించి. అప్పటికావిడకు దాదాపు అరవై. 'కృష్ణా నీ బేగనే బారో' అన్న పదాన్ని సముద్రం ఒడ్డున అభినయించారు. చీర కుచ్చెళ్లు గాలికి ఎగిరిపోతున్నాయనీ, అభినయం సరిగా అందదనీ విమర్శించిన వాళ్లున్నారు. నేనూ ఆ పక్షమే. ముఖం కోసం వెతుక్కుంటున్న కంటిని అలలు లాగేస్తాయి. అదే చెబుదామని పక్కకు తిరిగాను.

అత్తగారు ఆవిణ్ణి చూడ్డం లేదు. వెనకాల ఉన్న నీళ్లను చూస్తున్నారు.

"సముద్రానికి వీపు పెట్టి ఎలా నిలబడిందే ఆవిడ?" అన్నారు మెల్లిగా.

ఆవిడ పుట్టిల్లు దివిసీమ, నాగాయలంక దగ్గర. 'బాల' వచ్చిన మరుసటి ఏడే, 1977 నవంబరు 19న, ఉప్పెన వచ్చింది. సుమారు 10,000 మంది పోయారని సర్కారు లెక్క. అందులో మా అత్తగారి చెల్లెలొకరు.

ఏటా నవంబరులో ఆ పాత చిత్రాలు టీవీలో వేస్తారు. ఒకసారి ఆవిడ ఊరే కదా, చూస్తారు కదా అని నేనే పిలిచి కూర్చోబెట్టాను. లేచి వెళ్లి ఆ రాత్రి అన్నం తినలేదు. నా తెలివితక్కువతనం అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. ఆ చిత్రాల్లో నీళ్లున్నాయి, శవాలున్నాయి, విరిగిన తాటిచెట్లున్నాయి. పోయినవాళ్లు అంతకుముందు ఎలా నవ్వారో, ఎలా నాట్లు వేశారో లేదు. బాలసరస్వతి మాత్రం 1984లో పోయినా ఆ ఇసుకలో ఇంకా ఆడుతూనే ఉన్నారు.

"మా చెల్లెలి ఫొటో ఒక్కటీ మిగల్లేదు. ఇలా ఎవరైనా తీసుంటే..." అని ఆగిపోయారు అత్తగారు.

కాబట్టి పెద్దవాళ్లకు ఏం చూపించాలని అడిగితే నా జవాబిది. ముసలితనం మీద తీసినవి వద్దు. పని చేస్తున్న మనిషిని నిదానంగా చూపించేవి వెతకండి. పక్కన కూర్చోండి, మాటలు తెలుగులో చెప్పండి, ఎప్పుడు ఊరుకోవాలో కూడా తెలుసుకోండి. అన్నిటికంటే ముందు, మీ ఇంట్లో పెద్దావిడ ఆవకాయ కలుపుతుంటే ఫోనుతో ఓ పది నిమిషాలు తీసి దాచండి.

నేను మొదలెట్టాను. ఫోను ఎదురుగా పెడితే అత్తగారు పైట సర్దుకుని ఒక్క షరతు పెట్టారు. "ఉప్పెన సంగతి అడగకు. మా చెల్లి వేసే ముగ్గులు అడుగు, చెబుతాను."