చలికాలపు కొర్రమట్ట

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కొర్రమట్టలు పెంచే రైతులంటే నాకు ఎంతో గౌరవం. మన రాష్ట్ర చేపను చలికాలం గట్టెక్కించడం మాటలు కాదు. తెల్లవారేసరికి కుంట గట్టున నిలబడి నీళ్లనే చూస్తుంటారు. కొర్రమట్ట గాలి పీల్చే చేప. పైకొచ్చి గుటకేసి చటుక్కున మునుగుతుంది. జబ్బుపడ్డది అలా మునగదు. గట్టువారనే నీరసంగా తేలుతుంటుంది. పొలుసుల మీద ముందు ఎర్రటి మచ్చ, తర్వాత లోతైన పుండు.

అది ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్. మన దేశంలో 1988లో బయటపడింది. అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే నీటిబూజు దానికి మూలం. నీళ్లు 18–22 డిగ్రీలకు చల్లబడితే బూజు చెలరేగుతుంది, చేపకేమో తట్టుకునే శక్తి అప్పుడే తగ్గుతుంది.

అందుకే తెలిసిన రైతు చలి ముదరకముందే కుంటలో సున్నం చల్లుతాడు. వలను ఇంకో కుంటకు తీసుకెళ్లేముందు ఎండలో గలగలలాడేదాకా ఆరేస్తాడు. చాలామంది పట్టించుకోని ఈ పనే, నా లెక్కలో, అన్నిటికన్నా గొప్పది. పుండ్లు కనబడితే భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా తయారుచేసిన సిఫాక్స్ మందు ఉంది. చచ్చిన చేపను దూరంగా గుంత తీసి పూడుస్తాడు. మేత కూడా తగ్గిస్తాడు: చల్లటి నీళ్లలో చేప తక్కువ తింటుంది, మిగిలింది అడుగున కుళ్లి నీళ్లను పాడుచేస్తుంది.